జిప్సీ డైరీ: పటమట నుంచి చెరువు గట్టు దాకా

2019 జులై 14, ఆదివారం. మీటరు 58,214 కి.మీ.

బండి బెజవాడ పటమటలో మా ఇంటికొచ్చింది. 2011 మోడల్ మారుతి జిప్సీ కింగ్, తెల్ల రంగు, సాఫ్ట్ టాప్. నాకంటే ముందు ఇద్దరు వాడారు. అమ్మ వెనక తలుపు తీసి, ఎదురెదురుగా ఉన్న బెంచీలు చూసి, "ఇందులో గుడివాడ దాకా కూర్చుంటే నడుం ఏమవుతుందిరా?" అంది. ఆమె అన్నది నిజమే. ఇది ఇంటిల్లిపాదీ తిరిగే కారు కాదు.

మాకు కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. వానాకాలంలో గట్ల మీద నల్లమట్టి సబ్బులా జారుతుంది. నాన్న బైకు మీద వెళ్లి రెండుసార్లు పడ్డారు. రెండోసారి మోకాలికి కుట్లు పడ్డాయి. ట్రాక్టరు తప్ప ఇంకేదీ వెళ్లలేని రోజుల్లో కూడా మేత బస్తాలు, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ మోటార్లు గట్టు మీదికి చేరాలి. అందుకే నాలుగు చక్రాలూ లాగే బండి, ఫోర్ బై ఫోర్ కోసం ఏడాది వెతికాను.

జిప్సీనే ఎందుకంటే, బరువు. ఇది దాదాపు టన్ను బండి. మెత్తటి గట్టు మీద రెండు టన్నుల బండి దిగబడే చోట ఇది పైపైన వెళ్లిపోతుంది. 1298 సీసీ, 16 వాల్వుల ఇంజిన్, 80 హార్స్‌పవర్. ఈ రోజుల్లో ఆ అంకె చిన్నదే. కానీ లో గేరు వేస్తే, రెండు యాక్సిళ్లకూ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో నిష్పత్తి 2.268. యాక్సిలరేటర్ తొక్కకుండానే, మనిషి నడిచేంత వేగంతో గట్టు ఎక్కేస్తుంది. ముందూ వెనకా ఒకే ముక్కగా ఉండే గట్టి యాక్సిళ్లు, నాలుగు వైపులా కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు), నిచ్చెన లాంటి ఛాసిస్. 1985లో మన దేశంలోకి వచ్చినప్పటి నుంచి ఈ అమరిక పెద్దగా మారలేదు. మామూలు జనానికి అమ్మకాలు ఆపేశారు కాబట్టి, ఇక దొరికేవన్నీ పాతవే.

2019 ఆగస్టు. 58,900 కి.మీ.

మొదటి పని, నేల. డ్రైవరు కాళ్ల కింద రబ్బరు మ్యాట్ లేపితే కింద పుట్టీ కనిపించింది. గీకితే పుట్టీ కింద రేకే లేదు. ఎవరో తుప్పు మీదే పుట్టీ పెట్టి రంగు కొట్టేశారు.

ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బండి కిందికి దూరి చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా కొట్టుకుంటూ వెళ్లాడు. "శబ్దం వినండి బాబూ. మంచి ఇనుము గంటలా పలుకుతుంది, తిన్న ఇనుము చెక్కలా పలుకుతుంది." చెక్కలా పలికిన ప్రతి చోటా సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. నేలలో మూడు గుర్తులు, వెనక అడ్డబీములో ఒకటి. పొడవు బీములు రెండూ బాగున్నాయి. ఆ మాట వినగానే నా టెన్షన్ సగం తగ్గింది. నేల ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఛాసిస్ పోతే మాత్రం బండి పోయినట్టే.

నాలుగు రోజుల పని. తుప్పు రేకు కోసేసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, రెండు పక్కలా రెడ్ ఆక్సైడ్ కొట్టించాను. ఛాసిస్ బీముల లోపల కూడా, ఉన్న కంతల్లోంచి గొట్టం పెట్టి తుప్పు ఆపే మైనం స్ప్రే చేయించాను. అడ్డబీము అప్పటికి శుభ్రం చేసి రంగు వేసి వదిలేశాను. ఎప్పటికైనా మళ్లీ చూడాల్సిందే.

2020 ఫిబ్రవరి. 66,300 కి.మీ.

ఈ నెలలో తప్పు చేశాను. బండి ఎత్తు పెంచాలనిపించింది. ఒక షాపువాళ్లు పొడుగు షాకిళ్లు (కమాను కొసను ఛాసిస్‌కు కలిపే ఇనప పట్టీలు) వేస్తే రెండు అంగుళాలు లేస్తుందన్నారు, వేయించాను. ఇంటి ముందు నిలబెడితే చూడ్డానికి చాలా బాగుంది. మర్నాడు కృష్ణ దాటి తాడేపల్లి వైపు వెళ్తుంటే వారధి మీద, 65 వేగంలో, ఒక జాయింటు దాటగానే స్టీరింగ్ రెండు పక్కలకీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. చేతుల్లో ఆగలేదు. మెల్లగా బ్రేకు తొక్కి 40కి దింపితే గానీ నెమ్మదించలేదు. పక్కనే లారీ ఉంది.

ఎత్తు పెంచితే బండి మొత్తం సమంగా లేస్తుందనుకున్నాను. అలా కాదు. ముందు షాకిలు పొడుగైతే కమాను ముందు కొస కిందికి వాలుతుంది. దాంతో యాక్సిల్ కొద్దిగా ముందుకు తిరుగుతుంది, చక్రానికి ఉండాల్సిన కాస్టర్ కోణం తగ్గిపోతుంది. చక్రం తనంతట తాను తిన్నగా రావడానికి ఆధారం ఆ కోణమే. పైగా బ్రేకు గొట్టాలు బిగుసుకుపోయాయి, యాక్సిళ్లకు శక్తిని మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లు (క్రాసులు) కొత్త కోణంలో అరవడం మొదలుపెట్టాయి. వీటికి తోడు మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి స్వరూపం మార్చకూడదని అది చెబుతుంది. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది ఇదే.

పొడుగు షాకిళ్లు వారంలో తీయించేశాను. ఊగడం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అంటే అసలు జబ్బు ముందు నుంచే ఉంది, షాకిళ్లు దాన్ని బయటపెట్టాయంతే. ఇంతలో లాక్‌డౌన్ వచ్చింది. బండి సెల్లార్‌లో, నేను సర్వీస్ మాన్యువల్‌తో.

2021 జనవరి. 69,750 కి.మీ.

ఈ బండితో నేను చేసిన పనుల్లో ఎక్కువ నేర్పింది ఇదే, అందుకే వివరంగా రాసుకుంటున్నాను.

ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే టక్ టక్ మంటోంది. అది చక్రం బేరింగా, లేక చక్రం పక్కకు తిరగడానికి ఇరుసులా ఉండే కింగ్‌పిన్నా? మేస్త్రి ఒక చిట్కా చెప్పాడు. ఒకరు లోపల బ్రేకు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం ఊపాలి. బ్రేకు తొక్కగానే ఆట ఆగిపోతే చక్రం బేరింగు. అప్పటికీ ఊగుతూనే ఉంటే కింగ్‌పిన్ను. తమ్ముడు బ్రేకు తొక్కాడు, నేను ఊపాను. ఊగుతూనే ఉంది.

కుడివైపు విప్పాం. యాక్సిల్ చివర ఇనప బంతి ఉంటుంది, దాని చుట్టూ గిన్నె లాంటి నకిల్ తిరుగుతుంది. పైన ఒక కింగ్‌పిన్ను, కింద ఒకటి. వాటి మధ్యలోంచి డ్రైవ్ షాఫ్ట్ చక్రానికి వెళ్తుంది. ఈ మొత్తానికి కాపలా బయట ఉండే రబ్బరు సీలూ, నమదా (ఫెల్ట్) పట్టీ. అవి అరిగిపోయి చాలా కాలమైనట్టుంది. లోపల ఉండాల్సిన గ్రీజు నల్లటి నీళ్లలా కారింది. చెరువు గట్ల మీద తిరిగిన నీళ్లూ బురదా అందులోనే చేరాయి. కింగ్‌పిన్ బేరింగ్ కప్పులో, చక్రం తిన్నగా ఉన్నప్పుడు రోలర్లు ఆనే చోట గోటితో తగిలేంత గుంటలు పడ్డాయి. బండి ఎక్కువ కాలం తిన్నగానే వెళ్తుంది కదా, దెబ్బలన్నీ అక్కడే పడతాయి. వంపు తిప్పితే గట్టిగా, తిన్నగా వస్తే వదులుగా. అందుకే తిన్నటి రోడ్డు మీదే ఊగేది.

నాలుగు బేరింగులు, రెండు పక్కలా సీళ్లు కొత్తవి వేశాం. తరవాత షిమ్ములు. కింగ్‌పిన్ను కింద పెట్టే పలుచని రేకులివి. ఒకటి తీస్తే బిగువు పెరుగుతుంది, ఒకటి పెడితే తగ్గుతుంది. ఎంత బిగువుండాలో చేతి అంచనాతో సరిపెట్టడం చాలాచోట్ల చూశాను. మాన్యువల్ మాత్రం స్ప్రింగ్ కాటాతో లాగి కొలవమంటుంది. మా దగ్గర చేపలు తూచే స్ప్రింగ్ కాటా ఉంది. రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్ విప్పేసి, స్టీరింగ్ ఆర్మ్ చివర కాటా కొక్కెం తగిలించి లాగుతూ, ముల్లు ఎక్కడ ఉన్నప్పుడు నకిల్ కదులుతుందో చూశాం. మొదట చాలా వదులు. ఒక షిమ్ము తీస్తే కాస్త మెరుగు. రెండోది తీశాక రెండు వైపులా మాన్యువల్ చెప్పిన పరిధిలోకి వచ్చింది. మేస్త్రి ఆ కాటాను చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. తరవాతి వారం తనూ ఒకటి కొనుక్కున్నాడు.

అదే వారం కమాన్ కట్టలు. ఆటోనగర్‌లో లారీ కమాన్లు చేసే వీధి ఉంది. జిప్సీ కమాన్లు అక్కడ వాళ్ల చేతుల్లో ఆటబొమ్మల్లా కనిపించాయి. డ్రైవరు వైపు వెనక కట్ట రెండో వైపుకంటే బాగా కుంగిపోయింది. కట్ట విప్పి, పట్టీల మధ్య పొరలుగా చేరిన తుప్పు వైరు బ్రష్‌తో రుద్ది, చల్లగా ఉండగానే సుత్తి దెబ్బలతో పట్టీ పట్టీకీ వంపు ఎక్కించారు. ఒక్కో దెబ్బకీ ఒక్కో కొలత. పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు రాసి, బుష్షులన్నీ మార్చారు. కొత్త సస్పెన్షన్ కిట్ కొందామని దాచుకున్న డబ్బులో పావు వంతు కూడా అవలేదు. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారగలిగితేనే కమాను పని చేస్తుంది. తుప్పుతో అతుక్కుపోతే అది కమాను కాదు, ఇనప దుంగ. ఇన్నాళ్లూ జిప్సీ అంటే గట్టి బండి అనుకుని సర్దుకున్నదాంట్లో సగం తుప్పే.

సాయంత్రం వారధి మీదికి వెళ్లాను. 60, 65, 70. జాయింటు మీద జాయింటు. స్టీరింగ్ కదల్లేదు. అవతలి ఒడ్డున బండి ఆపి నాన్నకు ఫోన్ చేశాను.

2022 మే. 84,100 కి.మీ.

ఏసీ లేని బండిలో బెజవాడ ఎండ. దానికి మందు లేదు, పొద్దున ఆరింటికే బయల్దేరడం తప్ప. రేడియేటర్ మాత్రం విప్పాల్సి వచ్చింది. ముందు వాడినవాళ్లు బోరు నీళ్లు పోశారు, లోపలి గొట్టాల్లో తెల్లటి ఉప్పు పేరుకుంది. కోర్ మార్పించి, డిస్టిల్డ్ వాటరు కలిపిన కూలెంట్ పోశాను. అప్పటి నుంచి ముల్లు సగం దాటలేదు.

2023 ఫిబ్రవరి. 92,480 కి.మీ.

టైర్లు. పాతవి 205/70 ఆర్15. వాటి స్థానంలో 215/75 ఆర్15, కాస్త లోతు గాడులున్నవి వేయించాను. లెక్క వేసుకునే వేయించాను. పాత టైరు ఎత్తు 668 మిల్లీమీటర్లు, కొత్తది 703. అంటే యాక్సిల్ కింద దాదాపు 18 మిల్లీమీటర్లు ఎక్కువ జాగా. షాకిళ్ల జోలికి పోకుండా నిజంగా ఎత్తు పెరిగేది ఇలాగే, ఎందుకంటే గట్టుకు తగిలేది యాక్సిల్ గుండు, బాడీ కాదు. ఇంతకు మించి పెద్ద టైరు వేస్తే గేర్ల లెక్క మారిపోయి ఇంజిన్ మీద భారం పడుతుంది. మీటరు ఇప్పుడు ఐదు శాతం తక్కువ చూపిస్తుంది. 60 అని చూపిస్తే నిజానికి 63. ఇకపై ఈ డైరీలో కిలోమీటర్లను కూడా ఆ తేడాతోనే చదువుకోవాలి.

నల్లరేగడిలో మాత్రం టైరు కంటే గాలే ముఖ్యమని తేలింది. మామూలు గాలితో నాలుగు గజాలు వెళ్లేసరికి గాడులన్నీ మట్టితో నిండి టైరు గుండ్రటి మట్టి ముద్ద అయిపోతుంది. 18 పీఎస్ఐకి దింపితే టైరు పక్కలు వంగుతూ, తిరిగిన ప్రతిసారీ మట్టిని విదిలిస్తుంది. గట్టు దిగాక మళ్లీ గాలి నింపే చిన్న కంప్రెసర్ సీటు కింద ఉంది. గాలి నింపకుండా తారు రోడ్డు ఎక్కకూడదు, టైరు వేడెక్కి పోతుంది.

ముందు చక్రాలను యాక్సిల్‌తో కలిపే ఫ్రీ వీల్ హబ్‌లు చేత్తో తిప్పాలి. బురదలోకి దిగకముందే తిప్పుకోవాలి. దిగాక మోకాలి లోతులో వంగి తిప్పడం నాన్నకు కష్టం.

2024 సెప్టెంబర్ 8. 1,06,900 కి.మీ.

ఈ వారం గురించి బండి డైరీలో రాయాలా అని ఆలోచించాను. రాయాలి.

ఆగస్టు 31 రోజంతా కురిసింది. ఆదివారం, సెప్టెంబర్ 1, బుడమేరు వాగు గట్లు తెగి నీళ్లు సింగ్ నగర్, పాయకాపురం వైపు వచ్చేశాయి. మా పెద్దమ్మ వాళ్లు పాయకాపురంలో మొదటి అంతస్తులో ఉంటారు. మధ్యాహ్నానికి వాళ్ల ఫోన్లు ఆగిపోయాయి. ఇంకోపక్క సోమవారానికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. ఆ బ్యారేజీకి ఎప్పుడూ అంత రాలేదు. ఊరికి రెండు వైపులా నీళ్లే.

బండి తీసుకుని సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాకా వెళ్లాను. పడవలు అక్కడి నుంచే లోపలికి వెళ్తున్నాయి. అవతల వీధుల్లో నీళ్లు ఛాతీ దాకా ఉన్నాయి. అక్కడికి ఏ జీపూ వెళ్లదు, వెళ్లాలని చూడనూ కూడదు. గాలి పీల్చే చోటు మునిగితే ఇంజిన్‌లోకి నీళ్లు లాగేసుకుంటుంది, కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. పైగా పారే నీటిలో టన్ను బండి తేలిపోతుంది. గట్టు మీద మేలు చేసిన తేలికతనమే అక్కడ ప్రమాదం. మేం చేయగలిగింది అంచు వీధుల్లో, హబ్ లోతు దాకా ఉన్న నీళ్లలో తిరగడం. లో గేరులో, సెకండులో, అలలు లేపకుండా. పాల ప్యాకెట్లు, మంచినీళ్ల డబ్బాలు, మందులు ఫ్లైఓవర్ దగ్గరికి చేర్చడం, అక్కడి నుంచి ముసలివాళ్లనూ పసిపిల్లలనూ పటమట వైపు బంధువుల ఇళ్లకు దింపడం. నాలుగు రోజులు. మూడో రోజు పెద్దమ్మ వాళ్లు పడవలో బయటికొచ్చారు. బండిలో కూర్చోగానే ఆమె అడిగింది, "మీ అమ్మ అన్నం తిందా?"

ఐదో రోజు బండి కింద పడుకుని వెనక యాక్సిల్ డ్రెయిన్ నట్టు విప్పాను. వచ్చింది ఆయిల్ కాదు. పాలు ఎక్కువైన టీ.

ఇది ఎలా జరుగుతుందంటే, రోడ్డు మీద తిరిగిన యాక్సిల్ వేడిగా ఉంటుంది, లోపలి గాలీ వేడిగా ఉంటుంది. దాన్ని ఒక్కసారి చల్లటి నీళ్లలో దింపితే లోపలి గాలి కుంచించుకుపోయి బయటి నుంచి లాగుతుంది. యాక్సిల్ మీద ఊపిరి తీసుకునే చిన్న బ్రీదర్ ఉంటుంది, అది నీళ్ల కింద ఉంటే నీళ్లే లాగుతుంది. అరిగిన సీలు ఉంటే అక్కడి నుంచీ వస్తాయి. ఇందులో బండి తప్పేం లేదు. వేడి బండిని నీళ్ల అంచున పది నిమిషాలు ఆపి దింపాల్సింది. ఆ రోజు ఆ పది నిమిషాలు ఆగే పరిస్థితి లేదు.

చేసినవి: ముందు, వెనక యాక్సిళ్ల ఆయిల్ తీసేసి, చవక గేరు ఆయిల్ పోసి పది కిలోమీటర్లు తిప్పి, వేడిగా ఉండగానే మళ్లీ దింపేశాను. రెండోసారి కూడా కాస్త మబ్బుగా వచ్చింది, మూడోసారి స్వచ్ఛంగా వచ్చింది. అప్పుడు యాక్సిళ్లలో అసలు ఆయిల్, జీఎల్-5 రకం గేరు ఆయిల్ పోశాను. గేరు బాక్సులోకి నీళ్లు రాలేదు, అయినా జీఎల్-4 మార్చేశాను. ఈ రెండూ కలిసిపోకూడదు. యాక్సిల్‌లోని హైపాయిడ్ పళ్లకు జీఎల్-5 కావాలి, గేరు బాక్సులోని ఇత్తడి సింక్రో రింగులకు జీఎల్-4 క్షేమం. చక్రం బేరింగులు కడిగి కొత్త గ్రీజు పెట్టాను. వెనక బ్రేకు డ్రమ్ములు విప్పితే గుప్పెడు బురద వచ్చింది. బ్రీదర్లు రెంటికీ పొడుగు రబ్బరు గొట్టాలు తగిలించి, ముందుది బ్యాటరీ ఎత్తుకూ, వెనకది టెయిల్ లైటు ఎత్తుకూ తీసుకెళ్లి కట్టాను. గొట్టాలకు రెండొందలు కూడా అవలేదు. ఐదేళ్ల క్రితం షాకిళ్ల కంటే ముందు చేయాల్సిన పని ఇది.

ఒక మాట. కొత్త బండ్లున్న మిత్రులు, ఎంత లోతు నీళ్లలో వెళ్లొచ్చో కంపెనీ చెప్పే నీటిలోతు అంకె చెబుతుంటారు. థార్‌కి అది 650 మిల్లీమీటర్లు. మంచి అంకె. కానీ ఆ లోతు దాటి వచ్చాక ఆయిల్ చూసుకోనక్కర్లేదని ఆ అంకెకు అర్థం కాదు. ఈ నెలలో ఆటోనగర్‌లో టోయింగ్ బండ్ల మీద వచ్చిన కార్ల వరస చూస్తే కడుపు తరుక్కుపోయింది. మీ బండి నీళ్లలో తిరిగి బాగానే నడుస్తున్నా సరే, యాక్సిల్ నట్టు ఒక్కసారి విప్పించి చూడండి. మబ్బు ఆయిల్‌తో తిరిగితే బేరింగులు తుప్పు పట్టి, కొన్ని నెలల తరవాత అరుస్తాయి. అప్పటికి ఎవరికీ వరద గుర్తుండదు.

2025 జూన్. 1,13,200 కి.మీ.

ఇప్పుడు బంకుల్లో పెట్రోలులో 20 శాతం ఇథనాల్. ఈ బండి తయారైనప్పుడు ఆ పెట్రోలు లేదు. పాత రబ్బరు గొట్టాలు చేతితో వంచితే సన్న బీటలు కనిపించాయి. వాటిని పద్నాలుగేళ్ల వయసు తినేసిందా, పెట్రోలు తినేసిందా అన్నది తేల్చలేను. అన్నీ ఇథనాల్ తట్టుకునే గొట్టాలతో మార్చాను. ట్యాంకు దింపి లోపల చూశాను, తుప్పు లేదు. ఇథనాల్ తేమను పీలుస్తుంది కాబట్టి, వారాల తరబడి బండి తీయకపోతే ట్యాంకు నిండుగా ఉంచుతున్నాను. హైవే మీద లీటరుకు పది, గట్ల మీద ఆరు.

2019లో వదిలేసిన వెనక అడ్డబీము ఇప్పుడు కోసి కొత్తది వేయించాను. సుత్తి పట్టిన మేస్త్రి ఆయనే. ఈసారి ఛాసిస్ పొడవునా కొట్టి, సుద్దముక్క జేబులోనే పెట్టుకున్నాడు. వచ్చే ఏడాది బండికి పదిహేనేళ్లు నిండుతాయి, ఆర్‌సీ మరో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాలి, బండి చూపించాలి. ఇప్పుడు దాని మీద కంపెనీ ఎత్తు, కంపెనీ కమాన్లు, కంపెనీ సైలెన్సరు. తేడా ఉన్నది టైర్లలో మాత్రమే. తనిఖీకి ముందు వాటిని పాత సైజుకు మార్చేస్తాను.

2025 నవంబర్ 16, ఆదివారం. 1,17,860 కి.మీ.

వానలు అయిపోయాయి. నాలుగు నెలలు గట్ల మీద తిరిగాక మళ్లీ బండి కిందికి. వెనక యాక్సిల్ నట్టు విప్పి ఒక స్టీలు గ్లాసులో కొద్దిగా పట్టాను. ముదురు తేనె రంగు, అడుగు కనిపిస్తోంది, నీటి చుక్క లేదు. ముందుది కూడా అంతే. నట్టు అయస్కాంతానికి సన్నటి ఇనప పొడి, ముక్కలేమీ లేవు.

కుడి ముందు నకిల్ సీలు చుట్టూ మాత్రం తడి. గ్రీజు మెల్లగా బయటికొస్తోంది. సీలు ఆటోనగర్‌లో చెప్పి వచ్చాను, రేపు వస్తుంది. ఇవాళే విప్పేద్దామనుకున్నాను గానీ, రేపు పొద్దున ఐదింటికి నాన్న ఏరియేటర్ మోటారు చెరువు దగ్గరికి చేర్చాలన్నారు. మళ్లీ బిగించేశాను. కాటా బండిలోనే ఉంది.